గార తీస్తే పండ్లూడతయన్నడు మా నాయన

మా నాయన సన్నాయి ఊదుతడు. ఆయన తండ్రి ఊదిండు, తాత ఊదిండు. మేము దూదేకులోళ్ళం. రంజాన్ల రోజాలుంటం, పీర్లకు దండం పెడతం, ఇంట్ల మాట్లాడేది తెలుగే. పాల్వంచ దాటి భద్రాచలం దిక్కు పోయే తొవ్వల, అడివి అంచుకు మా ఊరు. శ్రీరామనవమికి మా ఊరి గుడిల రాములోరి లగ్గం జరుగుతుంటే పందిట్ల కూసొని ఊదేది మా నాయననే.

నేనేమో పాల్వంచల బడి పంతులమ్మను. పొద్దుగాల ప్రార్థన కాంగనే పిల్లలను వరుసగ నిలబెట్టి పండ్లు చూస్త. పాచి పండ్లతోని వచ్చినోన్ని నల్లా కాడికి తోలుత. రాత్రి పండుకునే ముందు గూడ తోమాలె, చాక్లెట్ తిన్నంక నోరు పుక్కిలియ్యాలె అని రోజూ ఒర్రుత. మా ఆయన కరెంటు ఫ్యాక్టరీల షిఫ్టు చేసొచ్చి పండుకుంటే, నిద్రల గూడ నేను పండ్ల పాఠమే చెప్తనని ఎక్కిరిస్తడు. ఊరందరికీ చెప్పిన గని, మా నాయన నోట్ల ఏమున్నదో నేను చూడలే. శకునం చెప్పే బల్లి కుడితిల పడ్డట్టయింది నా సంగతి.

ఒక ఆదివారం అమ్మానాయనల కాడికి పోయిన. అమ్మ నాటుకోడి కూర వండింది. మా ఇంట్ల కోడి మెడ, బొక్కలు నాయనవే. ఆయన నమిలి పక్కన పెట్టిన బొక్కను కుక్క గూడ వాసన చూసి వదిలేసి పోయేది. గసొంటి మనిషి ఆ దినం బొక్కలన్నీ తీసి నా పల్లెంల ఏసి, పులుసుల అన్నం మెత్తగ పిసుక్కొని మింగుతుండు. ఏంది నాయనా అంటే, నీకు ఇష్టమని పెట్టిన, అన్నడు. నేను పుట్టిన కాంచి బొక్కలు కొరికింది లేదు.

వంటింట్లకు పోతే అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. కొన్నాళ్ళ సంది ఆయన వేప పుల్ల ఏస్తే పుల్ల కొనకు నెత్తురంటుతుందట. అడిగితే వక్కాకు ఎరుపంటడట. వక్కాకు తినని రోజు గూడ అదే ఎరుపు. పొద్దుగాల లేవంగనే సాధకం చేసేటోడు అది బంద్ పెట్టిండట. ఎందుకంటే దమ్ము ఆడుత లేదన్నడట. దమ్ము ఆడనోడు పొలం గట్టు మీద గంత జల్దీ ఎట్ల నడుస్తుండో అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది.

నాకు కోపమొస్తే ఆగది. ముందు అర్రలకు పోయి, నోరు తెరువు నాయనా అన్న. నేను నీ బడి పోరగాన్నా అన్నడు. నేను జరిగేది లేదని నిలబడ్డ. ఆయన మొఖం అటు తిప్పుకున్నడు. ఆఖరికి అమ్మ వచ్చి, తెరువకపోతే మాపటికి పొయ్యి ముట్టియ్య అన్నది. ఆ మాటకు మా నాయన భయపడనట్టు కనబడతడు గని మస్తు భయపడతడు. తెరిచిండు.

కింది ముందు పండ్ల ఎనక గార పేరుకపోయి నల్లగ, పసుపుగ గడ్డ కట్టింది. చిగుర్లు నానబెట్టిన బొబ్బర్ల తీరు ఉబ్బినయ్. అదొక ఎత్తు. ఆ పండ్లకు అడ్డంగ, ఒకదాని చుట్టు ఒకటి మెలిక తిప్పి దారం కట్టి ఉన్నది. నల్లబడ్డ దారం. దారం సందుల అన్నం మెతుకు.

సన్నాయి కొనకు నోట్ల పెట్టుకునే చిన్న రెల్లు ముక్క ఉంటది, దాన్ని పీక అంటం. అది వదులైతే సన్నటి దారంతోని బిగించి కట్టాలె. ఆ కట్టుడు మా నాయనకు వచ్చినంత బాగ మా దిక్కు ఎవ్వలకు రాదు. పన్ను ఊగుతుంటే ఆయనకు అదే తోచిందట. ఊగే పీక దారంతోని ఆగుతది, ఊగే పన్ను ఎందుకాగదు అనుకున్నడు. అద్దం ముందల కూసొని, ఊగే పన్నును పక్క పన్నుకు కట్టుకున్నడు. పెద్ద పనే చేసిన అన్నట్టు చెప్పిండు గూడ. నాకు నవ్వాగలేదు. నవ్వుకుంట అమ్మ దిక్కు చూస్తే అమ్మ నవ్వుత లేదు. అప్పుడు నాకూ నవ్వు పోయింది.

డాక్టర్ కాడికి పోదాం లెమ్మంటే లేవలే. గార తీస్తే పండ్లూడతయి అన్నడు. పాత గోడల రాళ్ళ నడుమ సున్నం గీకేస్తే గోడ నిలబడతదా అని నన్నే అడిగిండు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటరు, ఆ మనిషి మా నాయననే. దానికి సాక్ష్యం గూడ ఉన్నది. నాయన సన్నాయికి ఏండ్ల సంది డోలు కొట్టేటాయన ఒకాయన ఉన్నడు. కులాలు వేరైనా వరస కలుపుకొని బావా బావా అనుకుంటరు, నాకు డోలు మామ. ఆయన పండ్లు క్లీనింగ్ చేయించుకున్నంక ముందటియన్నీ ఊడినయట. ఇప్పుడు పెట్టుడు పండ్ల సెట్టు. డోలు చేతులతోని కొడతరు కాబట్టి ఆయనకు నడిచింది, నాకు నడుస్తదా అన్నడు నాయన.

నడువదు. అది నాకూ తెలుసు. సన్నాయి ఊదుడంటే పీకను పెదవుల నడుమ పట్టాలె. పెదవుల ఎనక పండ్లు గోడ లెక్క నిలబడాలె. గోడ పోతే పెదవి లోపలికి పోతది, గాలి పక్కల నుంచి పోయి స్వరం బుస్సుమంటది. నేను మళ్ళ లొల్లి పెడదామని నోరు తెరిచిన. అంతల నాయన నేల చూసుకుంట ఒక మాట అన్నడు.

"ముందటి పండ్లు పోతే నేను సన్నాయాయన్ను కాదు బిడ్డా. ఉత్త ముసలోన్ని."

ఇగ నాకేం లొల్లి వస్తది. ఆయనకు గార మీద నమ్మకం కాదు, బుగులు. డాక్టర్ చూసి పీకాలె అంటే ఆ దినంతోని అయిపోతదని బుగులు. వచ్చే నవమికి వేరేటోళ్ళను చూసుకోమని గుడోళ్ళకు చెప్పాలని గూడ అనుకున్నడట. అమ్మకు సుత చెప్పలే. రంజాన్ రాబోతుంది, రంజాన్ పోంగనే నవమి. క్లీనింగ్‌తోని పండ్లూడిన సంగతి అసలేందో అడుగుదామని లేచి డోలు మామ ఇంటికి నడిచిన.

డోలు మామను గట్టిగ అడిగితే ముందు నసిగిండు. ఇంక అడిగితే నా ఎంబడే వచ్చిండు. వచ్చి నాయన మంచం మీద కూసొని, పండ్ల సెట్టు నోట్లకెల్లి తీసి ఇద్దరి నడుమ దుప్పటి మీద పెట్టిండు. అమ్మ ఛీ అని లోపలికి పోయింది. సెట్టు లేని నోటితోని మామ చెప్పిన మాటల సగం గాలే, అయినా అందరికీ తెలిసింది.

"బావా, క్లీనింగ్‌తోని పోలే నా పండ్లు. నేను పోయేసరికే పోయినయ్."

అప్పటికే పండ్లు తలుపు లెక్క అటు ఇటు ఊగుతున్నయట. డాక్టర్ గీకేది తర్వాత, ముందు ఇన్నాళ్ళు ఏం చేసినవని తిట్టిండట. ఆ తిట్లు ఊర్ల చెప్పుకునుడు నామోషై, క్లీనింగ్ మీద పెట్టిండు మామ. తర్వాత సెట్టును చేతుల పట్టుకొని నాయన మొఖం ముందల ఆడించి, గిది పెట్టుకొని ఊదుతవా అన్నడు. నాయన ఆ సెట్టును మస్తు సేపు చూసిండు. తర్వాత లేచి అంగీ ఏసుకున్నడు.

నేను, అమ్మ కలిసి ఆయనను పాల్వంచకు తోలుకపోయినం. అక్కడి పండ్ల డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నాయన నోట్లకు లైటు తిప్పి, ఆ దారాన్ని కదిలించి చూసింది. ఇది ఎవరు కట్టిండ్రు అన్నది. నోరు తెరిచే ఉన్నడు కాబట్టి, నేనే అని నాయన చెయ్యితోని గుండె మీద కొట్టుకొని చెప్పిండు. ఆమె నవ్వుకుంట కత్తెరతోని దారం కత్తిరించింది. ఆ వాసన నేను చెప్ప.

డాక్టరమ్మ మాటల్ల ఒకటి నాయనకు బాగ నచ్చింది. ఊగే పన్నును పక్క పన్నుకు కట్టుడు తప్పు కాదట, వాళ్ళు గూడ కడతరట, గని సన్నటి తీగతోని, అది గూడ గార తీసి చిగురు బాగైనంక. దారం అయితే పాచిని పట్టుకొని కూసుంటది, చిగురు ఇంక కుళ్ళుతది. గార పన్నును పట్టుకొని లేదు పెద్దయ్యా, ఎముకను తినుకుంట కిందికి దిగుతుంది అన్నది. పన్ను ఊగేది దానితోనే. ఒకటొకటి ఒత్తి చూసింది. ఒక దానికి నమ్మకం చెప్పలే. మిగిలినయి ఆగొచ్చు అన్నది. ఆగొచ్చు అన్నదాన్ని నాయన ఆగుతయి అని విన్నడు, నేను ఆగకపోవచ్చు అని విన్న.

మిషను పెట్టి గార తీస్తుంటే కంకర రాలినట్టు రాలింది. నాయన కండ్లు మూసుకొని నా చెయ్యి పట్టుకున్నడు. పట్టు జూస్తే నా గాజులు పోయినయే అనుకున్న. అయిపోయినంక నీళ్ళు పుక్కిలించి, నాలుకతోని పండ్ల ఎనక తడిమి చూసుకున్నడు. సందులొచ్చినయి, గాలి పోతుంది, నేను చెప్పలేదా అన్నడు. డాక్టరమ్మ ఓపికతోని చెప్పింది. ఆ సందులు ముందే ఉన్నయట, గార నిండి కనబడలేదట. వాపు దిగితే చిగురు బిగుసుకుంటదట. తంబాకు బంద్ అన్నది. నాయన చిటికెడు తంబాకు పెట్టుకునేది సరిగ్గ ఆ కింది పెదవి ఎనకనే. అప్పుడప్పుడు పండ్లకు రుద్దుకునే బొగ్గు పొడి బంద్. తను చెప్పేదాక సన్నాయి బంద్. నేను చేసేది సగమే, ఇంట్ల మీరు చేసేదే అసలుది అని మా అమ్మ దిక్కు తిరిగి చెప్పింది. ఎవరికి చెప్తే పని అయితదో ఆ పిల్లకు తెలిసిపోయింది.

ఇగ ఇంట్ల మొదలైంది. మెత్తటి బ్రష్ కొనిచ్చిన. మా నాయన దానితోని మసి గిన్నె తోమినట్టు తోమిండు. కొత్త బ్రష్ కుచ్చులు కొద్దిరోజుల్లనే విరబోసుకున్నయ్. బలం పెడితే శుభ్రమైతదని ఆయన లెక్క. అట్ల తోమితే చిగురు అరిగిపోతదని నేను ఫోన్ల చెప్తే వినలే, దున్నపోతు మీద వాన. అమ్మ పక్కన నిలబడి చెయ్యి పట్టుకొని నేర్పింది. బ్రష్‌ను జర ఏటవాలుగ, పన్ను చిగురు కలిసే కాడ పెట్టి, మెల్లగ, చిన్నగ తిప్పాలె. ఎనక దిక్కు గూడ. పండ్ల సందులకు డాక్టరమ్మ ఇచ్చిన సీసా కడిగే కుంచె తీరుగ ఉండే చిన్న బ్రష్. పొద్దుగాల ఒకసారి, పండుకునే ముందు ఒకసారి. మాపటి తోముడు అయినంక మంచినీళ్ళు తప్ప ఏం ముట్టేది లేదు. మాపటికి తోమే అలవాటు మా ఇంట్ల ఎవ్వలకు లేకుండె. పొద్దుగాల పుల్ల ఏస్తే ఆ దినం పని అయిపోయినట్టే. రాత్రంతా ఆ మెతుకులు నోట్లనే ఉంటయని ఎవ్వలం అనుకోలే.

పుల్ల మానుమంటే నాయనకు రోషమొచ్చింది. డాక్టరమ్మను అడిగిన. వేప పుల్ల ఏసుకోనియ్యండి, కొన మెత్తగ నమిలి, చిగురుకు పొడువకుండ, బ్రష్ మాత్రం మానొద్దు అన్నది. నాయన గెలిచినట్టు ఆ దినం అడివి దిక్కు పోయి ఒక కట్ట లేత పుల్లలు తెచ్చుకున్నడు.

అంతల రంజాన్ వచ్చింది. నాయనకు సాకు దొరికింది. రోజా ఉంటే పేస్టు ఎట్ల పెట్టాలె అన్నడు. తెల్లారకముందు సహరి అన్నం తిన్నంక అజాన్ కన్న ముందు తోము, మాపటికి అన్నీ అయినంక తోము, నడుమ ఎవడు తోమమన్నడు అని అమ్మ అన్నది. రోజా ఉన్నోని నోటి వాసన అల్లాకు ఇష్టమంటరు గదనే అన్నడు. అల్లాకు ఇష్టమే, పక్కన మంచంల పండే నాకు కాదు అన్నది. ఆ సంగతి అమ్మ నాకు ఫోన్ల చెప్తుంటే మా ఆయన గూడ విని నవ్విండు. ఆ దినం సంది నాయన సహరి కాడ తోముడు మరిచింది లేదు.

తంబాకు మానుడు మాత్రం నవ్వుల సంగతి కాదు. సోంపు నమిలిండు, లవంగం నమిలిండు, ఊరికెనే టీవీతోని కొట్లాడిండు. అమ్మ ఉప్పు ఎక్కువేసిందని ఒకరోజు, తక్కువేసిందని ఒకరోజు అలిగిండు. నేను సెలవుల పోయిన నాడు చూసిన. మధ్యాహ్నం అరుగు మీద కూసొని సన్నాయి ఒళ్ళె పెట్టుకొని, నోట్ల పెట్టకుండ, వేళ్ళు ఒక్కటే ఆడిస్తుండు. చప్పుడు లేదు. కండ్లు మూసుకున్నడు. నేను గమ్మున ఎనకకు తిరిగొచ్చిన.

నడుమ నడుమ డాక్టరమ్మ కాడికి తీసుకపోయిన. ఒకసారి పోయి కూసున్నంక నన్ను గూడ కుర్చీల కూసోమన్నది. నాకేం రోగం అనుకుంట నోరు తెరిచిన. దవడ పండ్ల నడుమ పిప్పి, ఎనక గార. పిల్లలకు చెప్పే నోరు గిట్లున్నదా అని నాయన పక్క కుర్చీల కూసొని పొట్ట పట్టుకొని నవ్విండు. నాకు సిగ్గూ కోపం రెండూ వచ్చినయ్. తర్వాత మా ఆయనను గూడ తోలుకపోయిన. నేనొక్కదాన్నే ఎందుకు తిట్లు పడాలె.

చిగుర్ల వాపు దిగింది. పుల్ల మీద నెత్తురు ఆగింది. అప్పుడు డాక్టరమ్మ పండ్ల ఎనక సన్నటి తీగ పెట్టి, పన్ను రంగు మందుతోని అతికించింది. నమ్మకం చెప్పని పన్ను గూడ ఆ తీగ పట్టుకొని నిలబడ్డది. ఎన్నాళ్ళో చెప్పలేనన్నది. నాయన తల ఊపిండు. సన్నాయి సంగతి అడగడానికి ఆయనకు ధైర్యం చాలలే, నా దిక్కు చూసిండు. నేనడిగిన. మెల్లమెల్లగ మొదలుపెట్టుమను, నొప్పి వస్తే ఆపుమను అన్నది.

ఇంటికి రాంగనే పీక తడిపి నోట్ల పెట్టుకున్నడు. మొదటి ఊపిరికి స్వరం రాలే. బుస్సుమన్నది. రెండోసారి సగం స్వరం, సగం గాలి. అమ్మ కూరగాయలు కోసేది ఆపింది. నాయన సన్నాయి కింద పెట్టి, ఎనక పెరట్లకు పోయిండు. అంత చేసి ఇదేనా అనిపిచ్చింది. గార పోయినంక పండ్ల ఆకారం మారింది, పెదవి మళ్ళ నేర్చుకోవాలె అని డాక్టరమ్మ ముందే చెప్పింది, గని చెప్పుడు వేరు, ఆ బుస్సు వినుడు వేరు. పెరట్లకెల్లి నాయన తిరిగొచ్చి, మొఖం కడుక్కొని, పీకను ఇంకొంచెం సన్నగ చేసి కట్టుకున్నడు. చిన్నప్పుడు మా తాత నేర్పిన మొదటి పాఠం కాంచి మొదలుపెట్టిండు. ఆ ఏడు మా ఊరికి పొద్దుగాల పొద్దుగాల పోరగాండ్ల పాఠం లెక్క సన్నాయి వినబడ్డది. ఎవరికో నేర్పుతుండని అందరూ అనుకున్నరు.

గుడోళ్ళకు ఆయన ఏమీ చెప్పలే. వేరేటోళ్ళను చూసుకోమనీ అనలే, వస్త అనీ అనలే. నవమి నాడు తెల్లబట్టలు కట్టుకొని, డోలు మామను ఎంటబెట్టుకొని పోయి పందిట్ల కూసున్నడు, అంతే.

నేను, అమ్మ ఆడోళ్ళ దిక్కు నిలబడ్డం. ఎండకు పందిరి లోపల ఉడకపోస్తుంది. అయ్యగారు మంత్రాలు చదువుతుండు. నాకు సీతమ్మ కనబడలే, రాములోరు కనబడలే. నాయన కింది పెదవి ఒక్కటే కనబడుతుంది. జీలకర్ర బెల్లం కాడ డోలు ఉరికింది, సన్నాయి దాని ఎంబడి ఉరికింది. జారలే. తలంబ్రాల కాడ జనం లేచి నిలబడ్డరు, నాయన మీది స్వరం అందుకున్నడు. దాన్ని పట్టుకున్నడు. వదలలే. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది. డోలు మామ కొట్టుడు ఆపి నాయన దిక్కు చూస్తుండు. ఆ స్వరం సన్నగ, నిండుగ, ఒక్క బుస్సు లేకుండ అట్లనే పోయి, మెల్లగ కిందికి దిగి ఆగింది.

తలంబ్రాలు పడ్డయ్. అందరూ చప్పట్లు కొడుతున్నరు. నాయన సన్నాయి ఒళ్ళె పెట్టుకొని ఆడోళ్ళ దిక్కు తిరిగిండు. మందిల అమ్మ ఎక్కడున్నదో దేవులాడిండు. అమ్మ కనబడంగనే పెదవులు రెండు దిక్కులకు లాగి, కింది పండ్లన్నీ బయటపెట్టిండు. మా పక్కన నిలబడ్డ ముసలమ్మ, సాయిబు ఎంత సంబురంగ నవ్వుతుండో చూడు అన్నది. నవ్వు కాదది. అన్నీ ఉన్నయని అమ్మకు చూపిస్తుండు.

అమ్మ ఒకటొకటి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపింది.